పంతొమ్మిది రోజులు

జైల్లో ఆవిడకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, మనిషిని సరిగ్గా చూసే పెట్టారు. ఫైళ్లమ్మ. చంకలో రెండు ఫైళ్లు, భుజాన వేలాడే సంచిలో ఇంకో అయిదు, చెవి మీద పెన్సిలు. గేటు దగ్గర సంచి సోదా చేసే జవాను ఎప్పుడూ విసుక్కునేవాడు. "ఏమ్మా, వారం వారం ఇన్ని కాయితాలు మోసుకొస్తావు. ఒక్కసారన్నా తినే వస్తువేదైనా తేరాదూ? మా కళ్లకైనా మార్పుగా ఉంటుంది."

ఆవిడ పనిచేసేది కళ్లజోళ్ల షాపు మీద రెండు గదుల ఆఫీసులో. డబ్బులేనివాళ్ల కేసులు ఊరికే చూసిపెట్టే లాయరొకాయన నడిపే ఆఫీసది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఫైళ్లమ్మ లాయరు కాదు. అంతకుముందు పన్నెండేళ్లు స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ క్లాసులో మూడో బెంచీ చివర కూర్చునే పద్నాలుగేళ్ల పిల్లాడొకడు ఒక సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. ఏడాది తిరక్కుండా కోర్టు వాడికి చచ్చేదాకా జైలు వేసిందని పేపర్లో చదివింది. ఆ రోజు బోర్డు మీద వేసిన లెక్క సగంలో ఆపేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లల్ని ఆడుకోమని పంపించేసింది. ఆ వేసవిలో ఉద్యోగం మానేసి పెద్దాయన దగ్గర చేరింది.

అక్కడి చట్టం ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: హత్య కేసులో భాగం ఉందని తేలితే, కొట్టినవాడైనా సరే, పక్కన నిలబడ్డవాడైనా సరే, పద్నాలుగేళ్లు దాటితే చాలు, పెద్దవాళ్లతో సమానంగా శిక్ష. ప్రాణం పోయేదాకా లోపలే. విడుదల మాట ఎత్తడానికే వీల్లేదు.

అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో మొదట ఎవరికీ తెలీదు. జైళ్ల శాఖని అడిగితే అలాంటి పట్టిక లేదన్నారు. కోర్టుని అడిగితే జైళ్ల శాఖని అడగమన్నారు. దాంతో ఆవిడ నడుం బిగించి ఊరూరా కోర్టుల రికార్డు గదులు పట్టుకు తిరిగింది. కట్టలు విప్పితే దారం చేతిలోకి పొడిగా రాలేది. దుమ్ముకి ముక్కు దిబ్బడేసి, రాత్రిళ్లు నోటితో గాలి పీల్చుకునేది. "కొండని తవ్వి ఎలుకని పట్టినట్టుందమ్మాయ్ నీ పని," అని పెద్దాయన నవ్వేవాడు. "ఎలుకలు కూడా దొరికాయండీ, ఫైళ్లలోనే," అనేది ఆవిడ.

పదేళ్లకి తేలిన లెక్క నూట ఎనభై ఏడు. ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. నేరం జరిగిన రోజుకి ఎన్నేళ్లు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు. విచారణ ఎన్నాళ్లు నడిచింది. వాళ్ల తరఫు లాయరు ఎన్ని ప్రశ్నలు వేశాడు.

ఆ నూట ఎనభై ఏడు మందిలో ఒకడు పొట్టి. పదహారేళ్లప్పుడు లోపలికొచ్చిన రోజున, జైలు చొక్కా అతనికి మోకాళ్లదాకా వచ్చిందట. అందుకని పెట్టారు ఆ పేరు. తర్వాత మనిషి ఆరడుగులు పెరిగాడు, పేరు మాత్రం పెరగలేదు. ఇప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్లు, కణతల దగ్గర నెరుపు, గుమ్మం దాటాలంటే తల వంచాలి. అయినా పొట్టే.

ఇద్దరు పెద్దవాళ్లు గడియారాల షాపు దోచుకోవడానికి వెళ్తూ అతన్ని బయట గుమ్మం దగ్గర నిలబెట్టారు, ఎవరైనా వస్తే ఈల వెయ్యమని. లోపల వాళ్లలో ఒకడు షాపాయన్ని తల మీద కొట్టాడు. ఆయన రెండు రోజులకి పోయాడు. విచారణ ఒకటిన్నర రోజు జరిగింది. పొట్టి తరఫు లాయరు సాక్షుల్ని అడిగినవి మొత్తం మూడు ప్రశ్నలు. అందులో ఒకటి, "కొంచెం గట్టిగా చెప్తారా?" అన్నది.

ఆ ఫైలు చదివిన రోజునే, చట్టం మార్చమని అడగడానికి ఎవరి కథ చెప్పాలో ఫైళ్లమ్మకి తెలిసిపోయింది. కానీ పొట్టి ఒప్పుకోలేదు. "నా సంగతి రాయకండి చిన్నక్కా. ఆ గడియారాలాయన కూతురు అది చదువుతుంది. మానిందో లేదో తెలీని పుండు మీద నేనెందుకు గోరు పెట్టాలి?" అన్నాడు. సొంతక్క పెద్దక్క కాబట్టి ఈవిడ అతనికి చిన్నక్క.

నాలుగు ఆదివారాలు బతిమాలింది. చివరికి, "నీ ఒక్కడి కోసం కాదు తమ్ముడూ, అందరి కోసం. చట్టం మారితే నీతోనే మొదలవుతుంది," అంది. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. అతను ఆవిడ మొహంలోకి చూసి, సరే అన్నాడు.

గడియారాలాయన కూతురి దగ్గరికి కూడా వెళ్లింది. ఆమె లోపలికి రమ్మనలేదు, తిట్టనూ లేదు. గుమ్మంలో నిలబడే అడిగింది: "నూట ఎనభై ఏడు మందిని లెక్కపెట్టారు కదా. వాళ్ల వల్ల పోయినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టారా?"

లెక్కపెట్టలేదు. ఫైళ్లమ్మ తల దించుకుని వెనక్కొచ్చి, ప్రతి పేజీలో ఇంకో గడి గీసి, పోయినవాళ్ల పేరూ వయసూ రాసింది. దానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఇక పొట్టి వాళ్లక్క. స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి. తమ్ముడికన్నా పదకొండేళ్లు పెద్దది, తల్లి మంచాన పడ్డాక వాణ్ణి పెంచింది ఆవిడే. మొదటిసారి కలిసినప్పుడే, "చెల్లెమ్మా, కుర్చీ లాక్కుని కూర్చో, గుండీలు కుడుతూ మాట్లాడతా," అంది. అలా గుండీలు కుడుతూనే ఒక రోజు నవ్వుతూ చెప్పింది: "వాణ్ణి బళ్లో వేసేటప్పుడు అయిదు దాటితే పై క్లాసులో కూచోబెడతామన్నారు. వీడికేమో అ రాదు ఆ రాదు. అందుకని వయసు రెండు నెలలు తగ్గించి చెప్పేశా. నాకప్పుడు పదహారేళ్లు. గుమాస్తా నా మొహం చూసి నిజమే అనుకున్నాడు, పిచ్చోడు!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. నవ్వుకుని ఊరుకోలేదు ఫైళ్లమ్మ. లెక్కల టీచరు కదా. అసలు తారీఖు కోసం ప్రసూతి ఆస్పత్రికి వెళ్లి, పాత రిజిస్టరు వెతికించి, ఆ పేజీ నకలు తెచ్చుకుంది. నేరం నాటికి పొట్టికి పదహారేళ్ల పంతొమ్మిది రోజులు. పట్టికలో అదే రాసింది. అప్పట్లో అది ఆవిడకి గర్వంగా ఉండేది. తన పట్టికలో ఊహించి రాసిన అంకె ఒక్కటి కూడా లేదని.

తర్వాత పనులు చకచకా సాగినట్టే కనిపించాయి. నేరం నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లెవరైనా పదేళ్లు లోపల గడిపితే, మళ్లీ జడ్జి ముందుకొచ్చి తమ సంగతి చెప్పుకోవచ్చని ఒక బిల్లు తయారైంది. చట్టసభ కమిటీ ముందు ఫైళ్లమ్మ నిలబడి పొట్టి కథ చదివింది. ఆ "కొంచెం గట్టిగా చెప్తారా" దగ్గరికి వచ్చేసరికి, కునికిపాట్లు పడుతున్న సభ్యుడు కూడా కళ్లు తెరిచాడు. మర్నాడు అన్ని పేపర్లలోనూ పొట్టి సంగతే.

వాళ్లక్క అప్పటికే చొక్కా గుడ్డ కొనేసింది. "జైలువాళ్లు టేపు లోపలికి రానివ్వరు. నీ కళ్లతోనే కొలిచి చెప్పు చెల్లెమ్మా, భుజాలెంత ఉంటాయి?" అంది. ఫైళ్లమ్మ చేతులు బారగా చాపి చూపించింది. "అంతా! నా తమ్ముడేనా, తలుపు చెక్కా?" అని అక్క మురిసిపోయింది.

గురువారం మధ్యాహ్నం కమిటీ కార్యదర్శి మెట్లెక్కి ఆఫీసుకొచ్చాడు. ఎప్పుడూ ఫోను చేసే మనిషి స్వయంగా వచ్చాడంటేనే మంచి కబురు కాదని ఫైళ్లమ్మకి అర్థమైంది.

ఆయన మర్యాదస్తుడే. కుర్చీ చివర కూర్చుని, మంచినీళ్లు తాగి, విషయం చెప్పాడు. "పద్దెనిమిది దగ్గర గీత గీస్తే ఓట్లు చాలవు. ఎన్నికలు నెత్తి మీదున్నాయి, మావాళ్లకే కాళ్లు వణుకుతున్నాయి. పదహారు నిండనివాళ్లకి మాత్రమే అంటే గట్టెక్కుతుంది. లేదంటే మొత్తానికే మునుగుతుంది."

"మిగతావాళ్ల సంగతి?" అంది ఫైళ్లమ్మ.

"తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడండీ?"

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "రెండేళ్లు... మూడేళ్లు. కొత్త సభ ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరమ్మా? సోమవారం మధ్యాహ్నానికల్లా, మాకు సమ్మతమే అని మీ ఆఫీసు సంతకంతో కాగితం కావాలి. లెక్క తీసిన మీరే ఒప్పుకున్నారంటే ఊగిసలాడేవాళ్లు ఇటు మొగ్గుతారు. దాంతోపాటు ఆ పదహారు లోపువాళ్ల వయసు ఆధారాలు పెట్టెల్లో సర్ది పంపండి. ఒక్కొక్క కాగితం పట్టి పట్టి చూస్తారు. ఒక్కటి తప్పని తేలినా, అంతా కట్టుకథే అని బిల్లునే పాతరేస్తారు."

ఆయన వెళ్లాక ఫైళ్లమ్మ పట్టిక తియ్యలేదు. తియ్యక్కర్లేదు. పదహారు లోపువాళ్లు యాభై ఎనిమిది మంది. పైవాళ్లు నూట ఇరవై తొమ్మిది. మూడో బెంచీవాడు గీతకి లోపల. పొట్టి గీతకి బయట. పంతొమ్మిది రోజుల తేడాతో.

"ఏం చేద్దామండీ?" అంది.

పెద్దాయనకి ఉబ్బసం. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. "ముప్ఫయ్యేళ్లలో ఎవరూ మనకి అర కాసంత కూడా ఇవ్వలేదమ్మాయ్. వద్దంటే యాభై ఎనిమిది మంది ఉసురు. సరేనంటే నూట ఇరవై తొమ్మిది మంది ఉసురు. లెక్క నీది. నువ్వేమంటే దాని కింద నేను సంతకం పెడతా."

ఆవిడ బీరువా తెరిచి పొట్టి ఫైలు తీసింది. లోపల రెండు కాగితాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి స్కూలు రిజిస్టరు నకలు. దాని ప్రకారం నేరం నాటికి అతనికి ఇంకా పదిహేనేళ్లే. రెండోది ఆస్పత్రి పేజీ. ఆస్పత్రివాళ్లు పాత రిజిస్టర్లు తడిసి పాడయ్యాయని పోయిన ఏడు పారేశారు. అంటే, పొట్టికి పదహారు నిండాయని చెప్పే కాగితం ఈ లోకంలో అదొక్కటే. పట్టికలో అంకెదేముంది, పొరపాటు పడ్డామని దిద్దుకోవచ్చు.

పెద్దాయన తన బల్ల దగ్గర్నించే చూశాడు. ఆయనకి అన్నీ తెలుసు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నాకీమధ్య చూపు సరిగ్గా ఆనడం లేదు. బీరువాలో ఏ కాగితం ఉందో, ఏది లేదో, నాకెక్కడ తెలుస్తుంది?" అని, కర్ర పుచ్చుకుని మెట్లు దిగిపోయాడు. కింద కళ్లజోళ్ల షాపువాడు ఆయన్ని చూసి, "జోడు మరిచిపోయారా సార్?" అనడం పైకి వినపడింది.

శుక్రవారమంతా ఆవిడ ఆ రెండు కాగితాల ముందు కూర్చుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది పరిస్థితి. శనివారం అక్క దగ్గరికి వెళ్లింది. పేపర్లో చూసి తెలుసుకోవాల్సిన గతి ఆమెకి పట్టకూడదనుకుంది.

అక్క మిషను ఆపి విన్నది. మొదట అర్థం కాలేదు. "పదహారు లోపు అంటే వాడు పదహారేగా?"

"పదహారు నిండి పంతొమ్మిది రోజులక్కా."

"పంతొమ్మిది..." అక్క వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. "ఉండు. స్కూల్లో రెండు నెలలు తగ్గించి రాయించాగా. అది చూపించు!"

"ఆస్పత్రి కాగితం ఉంది."

"ఎవరి దగ్గర?"

"నా దగ్గరే."

"ఇంకెవరి దగ్గర?"

"ఇంకెవరి దగ్గరా లేదు."

గదిలో ఇద్దరే ఉన్నారు. మిషను పక్కన నీలం నిక్కర్ల కుప్ప. అక్క లేచి వచ్చి తలుపు గడియ వేసింది. "చింపెయ్," అంది మెల్లిగా. "నీకు చేతులు రాకపోతే నాకివ్వు, నేను చింపుతా. నేను కోర్టుకొచ్చి ప్రమాణం చేస్తా, వాడు బడి రిజిస్టర్లో ఉన్న రోజునే పుట్టాడని. ఎత్తుకు పెంచినదాన్ని, నా మాట కాదంటారా?"

"ఒక్కొక్క కాగితం చూస్తామన్నారక్కా. ఆస్పత్రిలో నాకా పేజీ తీసిచ్చిన గుమాస్తా ఉన్నాడు. ఆయన సంతకం ఉంది. ఎవరైనా ఆయన్ని అడిగితే... పొట్టి ఒక్కడితో పోదు, యాభై ఎనిమిది మందీ..."

"ఆ యాభై ఎనిమిది మంది నాకెవరు? వాళ్ల మొహం నేను చూశానా? అసలా కాగితం నిన్నెవరు తవ్వి తియ్యమన్నారు?" అని గట్టిగా అడిగి, జవాబు తనే గుర్తు తెచ్చుకుని, రెండు చేతులతో నోరు మూసుకుంది. "నేనే చెప్పా కదూ. నవ్వుతూ చెప్పా. నా నోరు పడిపోను!"

ఫైళ్లమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. అక్క వంగి ఆవిడ కాళ్ల మీద పడబోయింది. "పెద్దదానివి, తప్పక్కా, తప్పు!" అని ఫైళ్లమ్మ వెనక్కి జరిగితే, కుర్చీ తగిలి నిక్కర్ల కుప్ప నేల మీద పడింది. ఇద్దరూ వాటిని ఏరడానికి వంగారు, ఏరుతూ ఏడ్చారు. చివరి నిక్కరు మడత పెడుతూ అక్క అడిగింది. "నీ స్టూడెంటు, ఆ మూడో బెంచీవాడు... ఆ యాభై ఎనిమిదిలో ఉన్నాడా?"

ఫైళ్లమ్మ నిక్కర్ల కుప్ప అంచులు సరిచెయ్యసాగింది.

"ఉన్నాడన్నమాట," అంది అక్క. గడియ తీసి తలుపు బార్లా తెరిచింది. "వెళ్లిరా."

ఆదివారం ములాఖత్ గదిలో పొట్టి ఎప్పటిలాగే తల వంచి గుమ్మం దాటి వచ్చాడు. అతనికి పేపర్ల సంగతి తెలుసు. తోటివాళ్లు, "బయటికెళ్లాక మమ్మల్ని మర్చిపోకు సామీ," అని వెక్కిరిస్తున్నారని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే చెప్పేసింది. అన్నీ చెప్పింది. రెండు కాగితాల సంగతీ, అక్క అడిగిన సంగతీ.

అతను బల్ల మీద అరచేతులు ఆనించాడు. అతను అర్థం చేసుకుంటాడని ఆవిడ లోలోపల అనుకుంది. అంత మంచివాడు కదా, నాకోసం అంతమందిని ముంచకండి అంటాడేమో, తన నెత్తి మీది బరువు అతనే దించుతాడేమో అని. అతను అలా అనలేదు.

"పదిహేనని రాయండి," అన్నాడు.

"తమ్ముడూ..."

"పదిహేనని రాయండి చిన్నక్కా. ఇరవై మూడేళ్లుగా అడిగిన ప్రతివాడికీ నిజమే చెప్పాను. ఏమొచ్చింది? మీకో సంగతి తెలుసా, నాకు ఈల వెయ్యడం రాదు. ఆ రోజు వాళ్లు ఈల వెయ్యమంటే రాదని చెప్పడానికి సిగ్గేసింది. నవ్వుతారని. అందుకని తలూపి గుమ్మం దగ్గర నిలబడ్డా. ఎవరైనా వస్తే ఏం చెయ్యాలా అని అదే భయం. లోపల ఏమవుతుందో నేను చూడలేదు. అలాంటివాడికి పదహారు నిండితే ఏంటి, నిండకపోతే ఏంటి?" అతను ముందుకి వంగాడు. "ఒక్క అబద్ధం. నాకోసం మీరు ఒక్కటి చెప్పలేరా?"

"తప్పని తేలితే యాభై ఎనిమిది మంది బతుకు గాలిలో దీపం అయిపోతుంది."

"తేలకపోతే?"

గంట కొట్టేదాకా అతను అదే అడిగాడు. మెల్లిగా, గట్టిగా, మళ్లీ మెల్లిగా. తేలకపోతే? తేలకపోతే చిన్నక్కా? జవాను వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే లేచాడు. వెళ్తూ వెనక్కి తిరగలేదు.

సోమవారం పొద్దున ఫైళ్లమ్మ యాభై ఎనిమిది మంది ఆధారాలు మూడు అట్టపెట్టెల్లో సర్దింది. పొట్టి ఫైలు బీరువాలోనే ఉంచింది, రెండు కాగితాలతో సహా. నిజాయితీతో చేసిందో, భయపడి చేసిందో, మూడో బెంచీవాడి కోసం చేసిందో తనకే తెలీదు. తెలుసుకుందామని లోపలికి తొంగిచూస్తే ఏమీ కనపడలేదు. పెట్టెలకి టేపు వేసి, టేపు మీద అడ్డంగా తన పొడి సంతకం పెట్టింది. ఒప్పుకోలు కాగితం రాసింది. పెద్దాయన చదవకుండానే సంతకం చేసి, "కుర్చీలో కూర్చోమ్మాయ్, పడిపోయేలా ఉన్నావు," అన్నాడు.

బిల్లు నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. ఆ రోజు ఆఫీసుకి ఎవరెవరో వచ్చారు, ఫొటోలు తీశారు. అన్ని ఫొటోల్లోనూ ఆవిడ కళ్లు మూసుకునే ఉంది.

తర్వాతి ఆదివారం జైలు గేటు దగ్గర జవాను పుస్తకం తిరగేసి, సంచి తెరవకుండానే తిరిగి ఇచ్చాడు. "పొట్టి మీ పేరు కొట్టించేశాడమ్మా. కలవనన్నాడు." ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి ఆ రోజు తలెత్తి చూడలేదు. అక్క దగ్గరికి వెళ్తే మిషను చప్పుడు వినిపించింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ అంతే.

నెలలు గడిచాయి. జడ్జిల ముందుకి ఒక్కొక్కరే వెళ్లడం మొదలైంది. మూడో బెంచీవాడు బయటికొచ్చి తిన్నగా ఆఫీసుకే వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, మెట్ల మీద కాళ్లు ఎక్కడ వెయ్యాలో తెలీనట్టు గోడ పట్టుకుని ఎక్కాడు. "టీచర్," అన్నాడు గుమ్మంలో నిలబడి. ఆవిడ అతని తల నిమిరింది, ఏడ్చింది. సంతోషమనుకున్నాడు అతను. సంతోషమూ ఉంది అందులో. కానీ ఎంత ఉందో కొలిచి చెప్పమంటే ఆ లెక్కల టీచరు చెప్పగలిగేది కాదు.

నాలుగో నెలలో, కమిటీ ఆఫీసునుంచి ఒక బండివాడు మూడు అట్టపెట్టెలు తెచ్చి గుమ్మంలో దించిపోయాడు.

ఫైళ్లమ్మ మొదటి పెట్టె తెరుద్దామని వంగి, ఆగింది. టేపు వేసింది వేసినట్టే ఉంది. తన పొడి సంతకం చెక్కుచెదరకుండా ఉంది. రెండోది చూసింది. మూడోది తిరగేసి అడుగు కూడా చూసింది. ఎక్కడా గోటి గీత కూడా లేదు.

కార్యదర్శికి ఫోను చేసింది. "పెట్టెలు తెరవలేదాండీ?"

"అయ్యో, తెరవాల్సిన అవసరమే రాలేదమ్మా!" అన్నాడాయన మనస్ఫూర్తిగా. "మీ లెక్కంటే లెక్కే అన్నారు అందరూ. ఎదుటిపక్షంవాళ్లు కూడా. ఎంత గౌరవమో చూడండి."

ఆవిడ ఫోను పెట్టేసి, పెట్టెల మధ్య నేల మీద కూలబడింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, కింద షాపువాడికి వినపడకూడదని. పెద్దాయన కర్ర ఆనించుకుంటూ వచ్చి, టేపు చూశాడు, ఆవిణ్ణి చూశాడు. కష్టపడి మోకాళ్లు వంచి, ఆవిడ పక్కన నేల మీదే కూర్చున్నాడు. లేవడానికి తర్వాత ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది.

పొట్టికి నెల నెలా ఉత్తరం రాస్తూనే ఉంది. జవాబు లేదు. తొమ్మిదో నెలలో జైలునుంచి చీటీ వచ్చింది, పేరు మళ్లీ ఎక్కించారని.

పొట్టి చిక్కిపోయాడు. ఎదురుగా కూర్చుని, "చెప్పండి మేడం," అన్నాడు.

ఆ మేడం చెంప మీద కొట్టినట్టు తగిలింది. అయినా తను వచ్చిన పని చెప్పింది. పెట్టెలు ఎవరూ తెరవలేదని చెప్పింది. "ఆ రోజు నువ్వడిగావు, తేలకపోతే అని. తేలేది కాదు. నీ కాగితం అందులో వేసి ఉంటే నువ్వీపాటికి బయట ఉండేవాడివి."

అతను ఆవిడ వంకే చూస్తూ అన్నాడు: "ఇది నాకెందుకు చెప్పారు?"

"తెలిసి దాచలేక."

"మీ గుండెల మీది బండ తెచ్చి నా గుండెల మీద పెట్టారు."

"అవును," అంది ఆవిడ.

"అక్కకి చెప్పారా?"

"తలుపు తియ్యడం లేదు."

"తీసినా చెప్పకండి. మోయలేదు." బల్ల అంచు పట్టుకుని కాసేపు తల వంచుకున్నాడు. మళ్లీ తలెత్తినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. "ఎంతమంది బయటికొచ్చారు?"

"ముప్ఫై నాలుగు."

"మా బ్యారక్‌లో గురకోడు?"

"వచ్చాడు. పోయిన నెల."

"అదా సంగతి. వేరే బ్యారక్‌కి మార్చారనుకున్నా. ఈమధ్య ప్రశాంతంగా ఉంది." నవ్వబోయాడు, రాలేదు. "మిగతావాళ్లం నూట ఇరవై తొమ్మిది మందిమి కదూ?"

"నూట ఇరవై ఏడు," అంది. "ఇద్దరు పోయారు. ఒకతను జబ్బుతో. ఇంకొకతను... తనే."

అతను ఎవరని అడగలేదు. "కొత్త బిల్లు?"

"పెడతామనేవాళ్లు ఇంకా దొరకలేదు. తిరుగుతున్నా."

"దొరుకుతారా?"

"తెలీదు."

అతను తలూపాడు. ఆ జవాబుకి కోపం రాలేదు అతనికి. "నా కథ మాత్రం మళ్లీ చదవద్దు మేడం. వేరేవాళ్లది చూసుకోండి. నేనిక చాలు."

"సరే."

"ఉత్తరాలు రాస్తే రాయండి. జవాబు రాస్తానని చెప్పను."

"సరే," అంది మళ్లీ.

గంట కొట్టారు. అతను లేచి, తల వంచి, గుమ్మం దాటి వెళ్లిపోయాడు. ఆవిడ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. కాసేపటికి సంచిలోంచి ఇంకో ఫైలు తీసింది. నేరం నాటికి పదిహేడేళ్ల రెండు నెలలవాడు, ఇప్పుడు యాభై ఒకటి. విచారణ ఒక్క రోజు. అతన్ని పిలిపించమని చీటీ రాసి జవాను చేతికిచ్చింది.

"ఇవాళ ఇంకొకరా?" అన్నాడు జవాను.

"ఇంకొకరు," అంది ఫైళ్లమ్మ, పెన్సిలు కోసం చెవి తడుముకుంటూ.